నెత్తుటి గండిని పూడ్చిన కథ



చెఱువుకట్టకు ఎలుక బొఱియ పడినప్పుడు మీలో అనుభవజ్ఞులైనవారు చేయు పని యేమో నేను చెప్పనక్కఱలేదు. కట్ట వెలుపలి వాలున నీరు ఊటగా కారుచుండును. ఆ కారుచోట ఎంత మన్ను పోసినను నీరు వేఱొక త్రోవ వెదకికొని పైకి వచ్చునే కాని నిలువదు. తెలిసినవాడు లోపలి వైపునకు పోవును. నీటిపై గుప్పెడు ఊక చల్లి, అది యెచ్చట సుడి తిరిగి లోనికి దిగునో కనిపెట్టును. బొఱియ నోరు అచ్చటనే యున్నదని నిశ్చయించుకొని, గడ్డిచుట్టను మన్నును ఆ నోటనే క్రుక్కును. అప్పుడు చెఱువునీటి బరువే ఆ గడ్డిచుట్టను అదిమి పట్టును. అంతవఱకు పగవాడైన నీరే ఆ క్షణమునుండి కాపరి యగును.

మన దేహమందలి రక్తనాళమునకు రంధ్రము పడినప్పుడు దానిని కనుగొని మూయుట యెట్లు అనునదియే నేటి ప్రసంగవిషయము. ఇది వైద్యుల రహస్యవిద్య యని మీరు సంకోచింపవలదు. కట్ట గండి పూడ్చువానికి ఏ మూడు ధర్మములు కలవో, వైద్యునకును ఆ మూడే కలవు. మొదటిది, గండి నోరు ఎచ్చటనున్నదో తెలిసికొనుట. రెండవది, కాలువ పాఱుదల చెడకుండ గండిని మాత్రమే మూయుట. మూడవది, మూయుటకై పెట్టిన వస్తువు తరువాత తానే యొక కీడు కాకుండ చూచుట. ఈ మూడింటిని మానవజాతి ఒక్క దినమున నేర్వలేదు. రమారమి రెండువేల యేండ్లు పట్టినది. ఆ నేర్చుకొన్న క్రమమే నేను చెప్పదలచిన చరిత్ర.

ముందుగా నాళములోని వేగ మెంతటిదో తెలియవలయును. ఇంగ్లండు దేశపు మతగురువు స్టీఫెన్ హేల్స్ అనునాయన గుఱ్ఱపు తొడలోని ధమనికి పొడవైన గాజుగొట్టమును తగిలించి చూడగా, నెత్తురు ఆ గొట్టములో 8 అడుగుల 3 అంగుళముల యెత్తు లేచినది. ఈ పరీక్షను ఆయన 1733లో ప్రకటించెను. మనుష్యుని ధమనులలోని ఒత్తిడియు ఇంచుమించు నిలువెత్తు నీటిస్తంభమును నిలుపగలదు. పెరిగిన మనుష్యుని దేహమున నుండు రక్తము సుమారు 5 లీటర్లు మాత్రమే. ఇంత వేగముతో నింత కొద్ది సంపద వెలికి పోవుచున్నప్పుడు, తొడయందలి పెద్ద ధమని తెగినవానికి మిగులు కాలము నిమిషములతో లెక్కింపదగినది.

అయితే సృష్టికర్త మనలను బొత్తిగా దిక్కులేనివారినిగా చేయలేదు. చిన్న నాళము చీలినప్పుడు అది తనంతట ముడుచుకొనును. పిమ్మట నెత్తుటిలో తేలు అతిసూక్ష్మములైన ఫలకికలు చీలిన అంచునకు వచ్చి అంటుకొని గుంపుగట్టి బిరడా వలె నిలుచును. దానిపై నెత్తురు గడ్డకట్టి మూతపడును. ఈ ఫలకికల పనిని ఇటలీ దేశపు పండితుడు బిజ్జొజీరో 1882లో సూక్ష్మదర్శినితో చూచి వర్ణించెను. ముల్లు గ్రుచ్చుకొన్న వ్రేలు కొంతసేపటికి తానే నెత్తురు మానుట ఇందువలననే. పెద్ద ధమనికి గండి పడినప్పుడు మాత్రము, కట్టిన గడ్డ కట్టినట్లే ప్రవాహవేగమునకు కొట్టుకొనిపోవును. వైద్యుని అవసరము అచ్చటనే పుట్టినది.

మన దేశమున సుశ్రుతసంహిత రక్తము నాపుటకు నాలుగు ఉపాయములను చెప్పినది. చల్లదనముచే నెత్తురును గడ్డకట్టించుట స్కందనము. వగరు ద్రవ్యములచే గాయపు అంచులను కూర్చుట సంధానము. భస్మము చల్లి పక్వము చేయుట పాచనము. కాల్చి నాళమును ముడుచుకొనునట్లు చేయుట దహనము. వీనిలో దహనము కడపటిది. తక్కిన మూడును విఫలమైన పిమ్మటనే దానిని ఆశ్రయింపవలయునని ఆచార్యుని నియమము. సౌమ్యమైన ఉపాయమును మొదట, తీవ్రమైనదానిని తుదను పెట్టిన ఈ క్రమము గమనింపదగినది. పశ్చిమదేశముల వైద్యులు ఈ వివేకమును కొన్ని శతాబ్దములు మఱచి, మొదటనే నిప్పును చేతబట్టిరి.

రోమనుల రాజ్యమున 1వ శతాబ్దపు రచయిత సెల్సస్, నెత్తురు కాఱు నాళమును పట్టుకొని గాయమునకు రెండు వైపుల దారముతో ముడివేసి నడుమ కోయవలయునని వ్రాసెను. 2వ శతాబ్దమున గాలెన్ అను గొప్ప వైద్యుడు పెర్గమను నగరమున ఖడ్గయుద్ధము చేయు వీరులకు చికిత్స చేయుచుండెను. ప్రతిదినము గాయములను చూచినవాడగుటచే, ఆయన చెప్పిన మాట పుస్తకములోని మాట కాదు, చేతిలోని మాట. నెత్తురు చిమ్ము నాళపు నోటిపై వ్రేలుంచి మెల్లగా ఒత్తవలయును, అట్లొత్తిన యెడల నెత్తురు నిలుచును, వ్రేలి క్రింద గడ్డయు కట్టును. ఇది ఆయన బోధ. నాడు వ్రేలే వెదకెడు సాధనము, వ్రేలే మూసెడు సాధనము. నే నిక ముందు చెప్పబోవు యంత్రములన్నియు ఈ వ్రేలికి శిష్యులే యని మనసున నుంచుకొనుడు.

తరువాతి శతాబ్దములలో ఐరోపాయందు వాత పెట్టుట ప్రబలినది. కాలో చేయో తీసివేయవలసి వచ్చినప్పుడు ఎఱ్ఱగా కాల్చిన ఇనుమును తెగిన మొండెముపై నొత్తుచుండిరి. తుపాకిగాయములలో విషముండునని నమ్మి కాగిన నూనెను పోయుచుండిరి. ఆంబ్రోజ్ పారే అను ఫ్రెంచివాడు ఈ క్రూరాచారమునకు ఎదురు నిలిచెను. ఈయన మంగలివృత్తి నుండి శస్త్రవైద్యమునకు వచ్చినవాడు, లాటిను భాష నేర్వనివాడు. 1537లో ఇటలీ యుద్ధమున గాయపడిన సైనికులు అసంఖ్యాకులు కాగా, ఆయన యొద్ద నూనె అయిపోయినది. గత్యంతరము లేక గ్రుడ్డుసొన, గులాబినూనె, టర్పెంటైను కలిపి కొందఱికి పూసెను. వారు విషముచే చనిపోదురేమో యని ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవాఱి చూడగా, పూత పూసినవారు కుదుటగా నుండిరి. నూనె పోయబడినవారు జ్వరముతోను వాపుతోను బాధపడుచుండిరి. కన్నులార చూచినదానిని ఆయన గ్రంథముల మాట కన్న ఎక్కువగా నమ్మెను.

1552లో డాంవిలే కోట ముట్టడియందు ఫిరంగిదెబ్బ తిన్న ఒక యోధుని కాలు తీసివేయవలసి వచ్చినప్పుడు, పారే కాల్చిన ఇనుమును ముట్టక, తెగిన నాళముల కొనలను పట్టి దారముతో ముడివేసెను. రోగి బ్రతికెను. నాళమును పట్టుటకు ఆయన వాడిన పట్టుకారునకు కాకిముక్కు అని పేరు. మన సుశ్రుతుడు సింహముఖము, కాకముఖము, కంకముఖము అని మృగపక్షుల ముఖములను బట్టి పట్టుకారులకు పేరు పెట్టిన సంగతి పండితు లెఱుగుదురు. రెండు దేశములవారును కాకిముక్కునే ఎన్నుకొనుట వింత గాదు. ఇఱుకున దూఱి సన్నని వస్తువును జాఱనీయక పట్టు నేర్పు కాకికి కలదు. రెండు దేశములవారును అదే పక్షిని చూచియే నేర్చిరి.

దారపుముడి నిప్పు కన్న కోటి రెట్లు మేలైనదే. అయినను దానికి రెండు లోపములు కలవు. నాళపు నోరు దొరకనిదే ముడి పడదు. నెత్తురు కన్నులను కప్పుచుండగా నోటిని వెదకుట యెట్లు? పారిసు వైద్యుడు జాన్ లూయీ పెటీ 1718లో మఱతో బిగించు పట్టీ నొకదానిని కల్పించెను. దానిని అవయవమునకు చుట్టి మఱ త్రిప్పిన ధమని నొక్కుకొని ప్రవాహము నిలుచును. సడలించిన యెడల తెగిన నోటినుండి మరల నెత్తురు చిమ్మి, నోటి తావు నదే చూపును. తూము మూసి గండిని చూచుట, తూము నించుక తెఱచి గండిని పోల్చుట, ఇదియే ఆ మఱలోని రహస్యము. 1628లో విలియం హార్వే, నెత్తురు గుండెనుండి ధమనులలో బయలుదేఱి సిరల ద్వారా మరల గుండెకు వచ్చునని నిరూపించుటచే, ఏ వైపున ఒత్తిన ఏమగునో వైద్యులకు అంతకు ముందే తేటపడియుండెను.

ముడి యొక్క రెండవ లోపము ఇంతకన్న పెద్దది. ముడి గండిని మూయదు, కాలువనే మూయును. పెద్ద ధమనిని ముడివేసిన యెడల దాని క్రింది భాగమునకు నెత్తురు చేరక కుళ్ళిపోవు భయము కలదు. గండి పూడ్చుటకై కాలువను పూడ్చిన రైతును మీరేమందురు? ఆ యేటి పైరు పోయినట్లే గదా. అందువలన నాళపు గోడకే కుట్టు వేసి ప్రవాహమును సాగనీయవలయునను ఆశ కొందఱికి కలిగినది.

ఆ కాలమున రోగమేదైనను ముంజేతి సిరను గ్రుచ్చి నెత్తురు తీయుట ఐరోపాలో వాడుక. సిర క్రిందనే ధమని యుండుటచే, కత్తి మొన లోతుగా దిగినచో ధమనికి రంధ్రము పడుచుండెను. 1759లో ఇంగ్లండున హాలొవెల్ అను వైద్యునికి ఇట్టి రోగి తటస్థించెను. న్యూకాసిలు నగరపు లాంబర్ట్ అను వైద్యుడు ఆయనకు ఒక ఉపాయము చెప్పియుండెను. దాని ప్రకారము ధమనికి పడిన రంధ్రపు రెండు అంచులను చిన్న ఉక్కుసూదితో గ్రుచ్చి, ఆ సూది చుట్టు దారమును మెలివేసి అంచులను కలిపెను. ఇది గుఱ్ఱపువైద్యులు గుఱ్ఱములకు వేయు కుట్టు వంటిది. రంధ్రము మూసికొనెను, చేతికి ప్రాణము నిలిచెను. ధమనిని కట్టివేయక రంధ్రమును మాత్రమే మూసిన ప్రయత్నములలో మనకు వివరముగా తెలియవచ్చిన మొదటిది ఇదియే.

అయినను ఆ విద్య నిలువలేదు. 1773లో ఆస్మాన్ అను పరిశోధకుడు కుక్కలపై అట్టి కుట్టు వేసి చూడగా నాళములు గడ్డలతో మూసికొనిపోయెను. ధమనిని కుట్టుట అసాధ్యమని లోకము తీర్పు చెప్పినది. నూఱేండ్లకు మించి ఆ తీర్పు నిలిచినది. తప్పు కుట్టులో లేదు. దారము ముతక, సూది ముతక, గాయమున చీముపట్టుట నాడు సామాన్యము. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించెను. 1869లో శుద్ధిచేసిన నరపుదారమును నాళములకు ముడివేసి, అది కొన్నాళ్లకు దేహములోనే జీర్ణించిపోవునని చూపెను. అంతకు పూర్వము దారపు కొనలను గాయమునుండి వెలికి వ్రేలాడవిడిచి, చీముతో అవి ఊడివచ్చు దినమునకై ఎదురుచూచుచుండిరి. ఊడు వేళ మరల నెత్తురు చిమ్మి చనిపోయినవారు ఎందఱో. పెట్టిన వస్తువు పనితీఱిన పిమ్మట తానే తొలగిపోవలయునను మూడవ ధర్మము లిస్టరుతో లోకమునకు తెలిసినది.

ఇక ఒక విషాదవృత్తాంతము. 1894 జూను 24న ఫ్రాన్సు దేశాధ్యక్షుడు సాదీ కార్నో లియాన్ నగరమున బండిలో పోవుచుండగా, ఒక ఘాతకుడు ఆయనను బాకుతో పొడిచెను. ఆ పోటు కడుపులో కాలేయమునకు పోవు పెద్దసిరను చీల్చినది. దేశములోని వైద్యులందఱిని రప్పింపగల పదవిలో నున్నవాడు, ఒక చీలికను కుట్టగలవాడు లేక, అర్ధరాత్రము దాటిన కొలదిసేపటికి ప్రాణములు విడిచెను. ఆ నగరముననే వైద్యవిద్య నభ్యసించుచుండిన 20 ఏండ్ల యువకుడు అలెక్సీ కారెల్, నాళమును కుట్టు నేర్పు వైద్యులకు ఉండియుండిన ఆయన బ్రతికియుండునని తలపోసెను. పెద్దలు ఆ మాటను మెచ్చలేదు. ఆ యువకుడు వాదమునకు దిగక, బట్టలపై పూలు కుట్టుటలో పేరొందిన లెరుడియే అను లియాన్ నగరపు స్త్రీ యొద్దకు పోయి, మిక్కిలి సన్నని సూదులతోను పట్టుదారముతోను కుట్టుట నేర్చుకొనెను.

1902లో కారెల్ తన పద్ధతిని ప్రకటించెను. గుండ్రని నాళపు కొనకు మూడు చోట్ల మూడు దారములు వేసి లాగిన యెడల, ఆ గుండ్రము ముక్కోణమగును. అప్పుడు ప్రతి అంచును సరళరేఖ వలె చక్కగా కుట్టవచ్చును, వెనుకగోడకు సూది తగులదు. సూదికి దారమునకు వాసెలిను పూసి, లోపలి పొర నొరసికొనకుండ కాపాడెను. నెత్తురు గడ్డకట్టక ప్రవాహము సాగెను. 1912లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. నేటి గుండె శస్త్రచికిత్సలును, మూత్రపిండములను మార్చి అమర్చుటయు ఈ కుట్టుపైనే ఆధారపడినవి. వైద్యవిద్యాపీఠములు అసాధ్యమన్నదానిని ఒక కుట్టుపనికత్తె వ్రేళ్ళు సాధ్యము చేసినవి. చేతిపనివారిని చిన్నచూపు చూచు మన విద్యావంతులు ఈ కథను మఱి మఱి వినవలయును.

ఇంతవఱకు చెప్పినవన్నియు ప్రమాదమున పడిన గండ్లు. 20వ శతాబ్దమున వైద్యుడు తానే బుద్ధిపూర్వకముగా గండి కొట్టసాగెను. కారణము వినుడు. గుండెను చూడవలెనన్న ఱొమ్ము కోయవలయును గదా. కోయకయే పోవు త్రోవ నాళములే యని 1929లో జర్మనీ యువవైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తలచి, తన మోచేతి సిరద్వారా సన్నని గొట్టమును తన గుండె వఱకు తానే పంపుకొని, నడచిపోయి ఎక్స్‌రే చిత్రము తీయించుకొనెను. నాడు ఆయనకు మందలింపు లభించినది. 1956లో నోబెల్ బహుమానమున ఆయనకు పాలు లభించినది.

1953లో స్వీడను దేశపు సెల్డింగర్ అను వైద్యుడు చిన్న ఉపాయము నొకదానిని ప్రకటించెను. సన్నని బోలుసూదితో ధమనిని గ్రుచ్చి, సూదిలోనుండి తీగను పంపి, సూదిని తీసివేసి, ఆ తీగ మీదుగా గొట్టమును నాళములోనికి జాఱవిడువవలయును. కోత లేదు. చర్మముపై సూదిపోటు మాత్రమే. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్ నగరమున గ్రూన్‌ట్సిగ్ అను వైద్యుడు ఇట్టి త్రోవనే తొడమొదటి ధమనినుండి చిన్న బుడగను గుండెధమనికి పంపి, ఇఱుకైన చోటును వెడల్పు చేసెను. నేడు మన పట్టణములలోని ఆస్పత్రులలో జరుగు ఆంజియోగ్రాము, ఆంజియోప్లాస్టీ అనునవి ఈ వంశమున పుట్టినవే. మీ గ్రామములలో ఈ చికిత్స పొందినవారిని మీరెఱుగుదురు.

చికిత్స ముగిసి గొట్టమును వెలికి తీసిన పిమ్మట ధమనిగోడకు సుమారు 2 మిల్లీమీటర్ల రంధ్రము మిగులును. ఆవగింజంతదే. కాని దానివెనుక హేల్స్ కొలిచిన వేగము కలదు. పైగా గొట్టములో గడ్డకట్టకుండ రోగికి నెత్తురును పలుచన చేయు మందు ఇచ్చియుందురు. పారే యెదుట గాయము తెఱచియుండెను, కారెల్ యెదుట నాళము కనబడుచుండెను. ఇచ్చట చర్మము మూసియున్నది. రంధ్రము కండక్రింద చీకటిలో నున్నది. రెండువేల యేండ్ల పాత ప్రశ్న మరల వచ్చినది. గండి నోరు ఎచ్చట?

మొదటి సమాధానము గాలెను చెప్పినదే. వ్రేళ్ళతో ఒత్తి పట్టుట. అయితే అందును ఒక మర్మము కలదు. సూది చర్మమునుండి ఏటవాలుగా పైకి, అనగా కడుపు వైపునకు పోవును గావున, ధమని రంధ్రము చర్మపు రంధ్రమునకు సరిగా క్రింద నుండదు, కొంచెము ఎగువ నుండును. తెలియనివాడు చర్మముపై నెత్తురు కనబడుచోట ఒత్తును. పైకి నెత్తురు ఆగినట్లుండి లోపల కండలలో చేరి వాచును. ఒక్కొక్కప్పుడు కడుపు వెనుకభాగమున పేరుకొని, వెలికి చుక్కయైనను కనబడకయే ప్రాణాపాయము తెచ్చును. కట్ట వెలుపలి ఊటపై మన్ను పోసినవాని కథయే యిది. కావున నేర్చినవాడు నాడిని తడవి చూచి, చర్మపు రంధ్రమునకు ఎగువగా ఒత్తును. ఇరువది నిమిషముల వఱకో, అంతకు మించియో వ్రేలు సడలింపరాదు. పిమ్మట రోగి కొన్ని గంటలు కాలు చాచి కదలక పడుకొనియుండవలయును. వెన్నునొప్పిగల వృద్ధులకు అది కఠినవ్రతమే.

ఈ కష్టమును తొలగించుటకై 1990 తరువాత శిల్పులవంటి వైద్యులును యంత్రజ్ఞులును కొన్ని చిన్న సాధనములను కల్పించిరి. వీనిలో వెదకు పద్ధతి మిక్కిలి రమ్యమైనది. నాళములోనికి దించు సన్నగొట్టపు కొనయొద్ద ఒక చిన్న ప్రక్కరంధ్రముండును. ఆ రంధ్రము ధమనిలో నున్నంతసేపు నెత్తురు గొట్టముగుండ పైకి వచ్చి వైద్యుని కంటికి కనబడును. గొట్టమును మెల్లగా వెనుకకు లాగగా, రంధ్రము ధమనిగోడను దాటిన తక్షణమే నెత్తురు నిలుచును. గోడ అచ్చటనే యున్నది! చెఱువున చల్లిన ఊకవలె, నెత్తురే తన గండి నోటిని చూపి యిచ్చినది. కొన్ని సాధనములలో లోపల చిన్న బుడగను పొంగించి వెనుకకు లాగుదురు. అది గోడకు తగిలి నిలిచిన చోటే గండి.

కనుగొన్న పిమ్మట మూయుట మూడు విధములు. మొదటి విధమున, దేహములో కరగిపోవు పదార్థముతో చేసిన చిన్న పలకను ధమని లోపల నిలిపి, దారముతో లాగి గోడకు ఆనించి, గోడ వెలుపల పశుచర్మాదుల నుండి తీసిన కొల్లాజెన్ అను పదార్థపు దూదిని క్రుక్కి బిగింతురు. లోపలి పలకను ధమని ఒత్తిడియే గోడకు అదిమి పట్టును. చెఱువునీరు గడ్డిచుట్టను పట్టినట్లే. సుమారు మూడు మాసములలో అంతయు జీర్ణించి మాయమగును. లిస్టరు నరపుదారమునకు ఇది మనుమరాలు. రెండవ విధమున, ఆ గొట్టమునుండియే సన్నని సూదులు వెలువడి గోడకు దారము నెక్కించి, వెలుపలినుండి ముడిని జాఱవిడుచును. కన్నులకు కనబడని చోట వేసిన కారెల్ కుట్టు ఇది. మూడవ విధమున, గోడ వెలుపలి అంచులను చిన్న లోహపు కొక్కెము పట్టి దగ్గఱకు చేర్చును.

2002లో ఫ్రాన్సున క్రిబియే అను వైద్యుడు ఱొమ్ము కోయకయే, నాళముల త్రోవను గుండె కవాటమును క్రొత్తగా అమర్చెను. అట్టి చికిత్సకు వలసిన గొట్టములు చాల లావైనవి. అంత పెద్ద గండి పడిన పిమ్మట మూయుట కష్టమగుటచే, రంధ్రము చిన్నదిగా నున్నప్పుడే దారములను గోడకెక్కించి, ముడి బిగింపక ఉంచి, పని ముగిసిన వెంటనే బిగించు పద్ధతి వాడుకకు వచ్చినది. వఱద రాకముందే కట్టపై గడ్డిచుట్టలను సిద్ధపఱచు గ్రామమునకును, వచ్చిన పిమ్మట పరుగెత్తు గ్రామమునకును గల భేదము మీకు తెలియనిది కాదు.

ఈ సాధనములు సర్వదోషరహితములని నేను చెప్పను. ఒక్కొక్కప్పుడు పలక జాఱి నాళమునకు అడ్డుపడవచ్చును, చీము పట్టవచ్చును, ఖర్చు ఎక్కువ. రోగి త్వరగా లేచి నడుచుట స్పష్టమైన లాభమే. కాని నేర్పరి చేతి ఒత్తిడి కన్న కీడును తగ్గించినవని నిస్సంశయముగా చెప్పుటకు వీలులేదు. అదిగాక, 1989లో మాంట్రియాలు నగరపు కాంపో అను వైద్యుడు మణికట్టు ధమనిద్వారా గుండెనాళములను చూడవచ్చునని ప్రకటించిన తరువాత, ఆ త్రోవ క్రమముగా వ్యాపించినది. మణికట్టు ధమని చర్మమునకు దగ్గఱ, క్రింద గట్టి యెముక కలదు. గాలితిత్తి గల చిన్న పట్టీని చుట్టిన చాలును, రంధ్రము మూసికొనును. రోగి కూర్చుండి కాఫీ త్రాగవచ్చును. గండి మూయుట కష్టమైనచోట గండి కొట్టనేల యని వైద్యులు తావు మార్చిరి. ఇన్ని యంత్రముల తరువాత వైద్యము మరల గాలెను వ్రేలి యొద్దకే వచ్చినది.

పెద్దలారా, ఈ చరిత్ర మనకు చెప్పు నీతి యొక్కటే. కనుగొనక మూయువాడు మూయనివాని కన్న అపాయకారి. నిప్పుతో కాల్చినవారు గండిని చూడలేదు, నెత్తుటిని మాత్రమే చూచిరి. పారే నోటిని వెదకెను, కారెల్ నోటిని తీర్చెను, నేటివారు చీకటిలో నోటిని పోల్చుట నేర్చిరి. వ్యాధిలోనే కాదు, గ్రామమున వైరము పుట్టినప్పుడును పెద్దలు చేయవలసినది ఇదియే గదా.

తుదకు ఆచరణకు పనికివచ్చు నాలుగు మాటలు. కొడవలి వ్రేటునకో, తాటిచెట్టు మీదినుండి పడినందుకో నెత్తురు చిమ్మునప్పుడు గాయములో సున్నము, బూడిద, కాఫీపొడి, పేడ పోయవలదు. శుభ్రమైన బట్టమడతను నెత్తురు వచ్చుచోటనే ఉంచి అరచేతితో గట్టిగా ఒత్తి పట్టుడు. ఆగెనా యని నడుమ నడుమ ఎత్తి చూడవలదు. ఎత్తినప్పుడెల్ల కట్టిన గడ్డ ఊడివచ్చును. బట్ట తడిసిన దానిపైననే మఱియొక మడత వేయుడు. గ్రుచ్చుకొన్న కత్తిని గాని మేకును గాని పెఱుకవలదు. ఒత్తుచునే 108 బండిని పిలిపించుడు.

గజ్జయందలి ధమనిద్వారా చికిత్స పొంది యింటికి వచ్చినవారు వైద్యుడు చెప్పినన్ని దినములు బరువు లెత్తరాదు, బావి తోడరాదు. ఆ తావున ఆకస్మికముగా వాపు గాని, నెత్తురు గాని కనబడిన నిలుచుండక వెంటనే పడుకొనవలయును. ఇంటివారు చర్మపు రంధ్రమునకు కొంచెము ఎగువగా గట్టిగా ఒత్తుచు ఆస్పత్రికి చేర్పవలయును. వెలికి నెత్తురు లేకున్నను నడుమునొప్పి, కడుపునొప్పి, చెమట, కన్నులు తిరుగుట తోచిన, లోపలి గండిని శంకించి ఆలస్యము చేయరాదు.